కెమెరా చూపించిందల్లా సాక్ష్యం కాదు: ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద ఒక వీడియో వ్యాసం తీయాలంటే

మీ ఊరి గొప్ప ఏమిటని ఖరగ్‌పూర్ వాళ్లను అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, 1951లో మొదలైన దేశంలోని తొలి ఐఐటీ. రెండోది రైలు ప్లాట్‌ఫాం. దాని పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఏదంటే ఎన్నో ఏళ్లపాటు క్విజ్ పోటీల్లో చెప్పిన జవాబు ఇదే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటేసింది. 2023 మార్చిలో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటింది. రికార్డు పోయినా ఊరివాళ్ల అభిమానం పోలేదు.

ఇన్ని అంకెల మధ్య ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ వినిపించదు. ఆ ప్లాట్‌ఫాం బాగా పనిచేస్తోందా? సంచీలు పట్టుకున్న ముసలావిడకి, కళ్లు సరిగా కనిపించని పెద్దాయనకి, ఊరికి కొత్తగా వచ్చిన కూలీకి అది ఎలా ఉంటుంది?

ఒక వస్తువునో స్థలాన్నో ఇలా ప్రశ్నించడాన్ని డిజైన్ విమర్శ అంటారు. అందంగా ఉందా లేదా అన్నది అందులో చిన్న భాగమే. ఎవరి అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని చేశారు, ఎవరిని మరిచిపోయారు, వాడేవాళ్లు దాంతో ఎలా సర్దుకుపోతున్నారు అన్నవి అసలు ప్రశ్నలు. ఇప్పుడు ఈ విమర్శ ఎక్కువగా పత్రికల్లో కాక వీడియో వ్యాసాలుగా వస్తోంది. ఒక గొంతు వాదన వినిపిస్తూ ఉంటుంది, దృశ్యాలు దానికి రుజువులుగా నడుస్తాయి. ఫోను ఉన్న ప్రతివారూ తీయగలరు. చిక్కంతా అక్కడే ఉంది. ఫోను కెమెరా, ఫోను మైకు చాలా చోట్ల మనకు తెలియకుండానే అబద్ధం చెబుతాయి. ఆ అబద్ధాలు ఎక్కడ పుడతాయో చెప్పడానికి కాస్త భౌతికశాస్త్రం కావాలి.

ఉదాహరణకి ఖరగ్‌పూర్‌లోని ఖరిదాకు వెళ్దాం. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబాలు తరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం అది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది. ఆ నిర్ణయానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంఖ్య ఒక ముఖ్య కారణం. ఈ ఖరిదాలో ఓ నలుగురైదుగురు కాలేజీ పిల్లలు కలిసి తమ స్టేషను మీద పది నిమిషాల వీడియో వ్యాసం తీయాలనుకున్నారని ఊహిద్దాం. వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకే దృశ్యం, మూడు వ్యాఖ్యానాలు

మొదట ఒక హెచ్చరిక. ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కెర్ 1957లో సైబీరియా మీద ఒక చిత్రం తీశాడు. అందులో యాకుత్స్క్ పట్టణంలోని ఒక వీధి దృశ్యం ఉంటుంది. ఒక బస్సు, ఒక కారు, రోడ్డు పని చేస్తున్న కూలీలు, కెమెరా ముందు నుంచి నడిచిపోయే ఒక మనిషి. మార్కెర్ ఆ దృశ్యాన్నే మూడుసార్లు చూపిస్తాడు. ఒకసారి సోవియట్ వ్యవస్థను పొగిడే వ్యాఖ్యానంతో, ఒకసారి దుమ్మెత్తిపోసే వ్యాఖ్యానంతో, ఒకసారి తటస్థమైన వ్యాఖ్యానంతో. బొమ్మలో ఒక్క ఫ్రేము కూడా మారదు, కానీ మూడుసార్లూ మనం చెప్పింది నమ్ముతాం. తటస్థంగా చెప్పినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదని కూడా మార్కెర్ అక్కడే ఒప్పుకుంటాడు.

దీన్ని ఖరగ్‌పూర్‌కి తెచ్చి చూడండి. తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద ఒకావిడ నెత్తిన మూట పెట్టుకుని రైలు పక్కన వేగంగా నడుస్తోంది. ఇరవై సెకన్ల దృశ్యం.

"కిలోమీటరు పొడవున పరుచుకున్న ఈ ప్లాట్‌ఫాం మీద రోజూ వేల జీవితాలు కదులుతాయి" అని ఒక గొంతు అంటే అది పర్యాటక ప్రకటన అవుతుంది. "సామాన్యుడి కష్టం పట్టని వ్యవస్థ ఈవిడను ఇలా పరుగు పెట్టిస్తోంది" అంటే ఆరోపణ అవుతుంది. మూడో గొంతు ఇలా అనవచ్చు: "ఈవిడ తన పెట్టె దగ్గరికి చేరడానికి 280 అడుగులు వేసింది. రైలు ఇక్కడ అయిదు నిమిషాలు ఆగుతుంది." మొదటి రెండు వాక్యాల్ని పరీక్షించడానికి వీలు లేదు. మూడోది తప్పో ఒప్పో ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. ఆవిడ నిజంగా పెట్టె కోసమే నడుస్తోందా అని అడగవచ్చు, అడుగులు లెక్కపెట్టవచ్చు. విమర్శ అంటే ఈ మూడో రకం వాక్యాలు మాత్రమే ఉండాలని కాదు. కోపం రావాల్సిన చోట రావాలి. అయితే ఆ కోపం కింద ఇలాంటి వాక్యం ఒకటి ఉండాలి. అది లేకపోతే సంబంధిత అధికారి రెండు నిమిషాల్లో వీడియోను కొట్టిపారేస్తాడు. దాంతో పాటు ఆ ముసలావిడ ఇబ్బంది కూడా కొట్టుకుపోతుంది.

ముందుగా టేపు, ఆ తర్వాతే కెమెరా

కాబట్టి మొదటి రోజు కెమెరా ఇంట్లో పెట్టి, ఒక కొలత టేపు, ఒక స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్లడం మేలు. ఏం కొలవాలో తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సెకనుకి సుమారు 1.2 మీటర్లు నడుస్తారు. రోడ్డు దాటే సిగ్నళ్ల సమయం లెక్కగట్టడానికి చాలాకాలం వాడిన అంకె ఇది. ఆ వేగంతో 1,072 మీటర్ల ప్లాట్‌ఫాంని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి దాదాపు 15 నిమిషాలు పడుతుంది. సెకనుకి 0.8 మీటర్లు నడిచే ముసలివాళ్లకైతే 22 నిమిషాలు. అయితే ఎవరూ పనిగట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడవరు. అందువల్ల ఈ అంకె ఆకట్టుకుంటుంది గానీ విమర్శకు పనికిరాదు. వీడియో వ్యాసాల్లో తరచు జరిగే పొరపాటు ఇదే. పెద్ద అంకె దొరగ్గానే దాన్ని తెర మీద వేసేస్తారు.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ పెట్టె సుమారు 24 మీటర్లు ఉంటుంది. 24 పెట్టెల రైలు ఇంజనుతో కలిపి 600 మీటర్ల దాకా వస్తుంది. తన పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియని మనిషి తెలివిగా రైలు మధ్యలో నిలబడ్డాడనుకుందాం. పెట్టె ఏదో ఒక చివర ఉంటే 300 మీటర్లు నడవాలి. మామూలు మనిషికి 4 నిమిషాల 10 సెకన్లు. అయిదు నిమిషాలు ఆగే రైలైతే అందుతుంది. సెకనుకి 0.8 మీటర్లు నడిచే మామ్మకి 6 నిమిషాల 15 సెకన్లు కావాలి. ఆవిడ 240 మీటర్లు నడిచేసరికే రైలు కదిలిపోతుంది. ఆ నడకలో జనం అడ్డు రావడం, సామాను, టీ బండి, ఎక్కేవాళ్ల గుంపు ఏవీ ఈ లెక్కలో లేవు.

ఇక్కడ ప్లాట్‌ఫాం పొడవు నేరస్థురాలు కాదని గమనించాలి. రైలు 600 మీటర్లుంటే ప్లాట్‌ఫాం కూడా కనీసం అంత ఉండాలి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం ఒకేసారి కట్టింది కాదు, అవసరాన్ని బట్టి విడతలుగా పొడిగించింది. పొడవు ఎక్కువగా ఉంటే ఒకే అంచున ఒకదాని వెనక ఒకటి రెండు బండ్లను నిలపవచ్చు. రద్దీ జంక్షనులో అది చిన్న విషయం కాదు. ముసలావిడకి ఇబ్బంది తెచ్చింది సమాచారం. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో రైలు రావడానికి ముందే ఆవిడకి తెలిస్తే నడవాల్సిన అవసరమే ఉండదు. అందువల్ల ప్లాట్‌ఫాం మీద విమర్శ నిజానికి బోర్డుల మీద, మైకుల మీద విమర్శ అవుతుంది. కొలవకపోతే ఈ మలుపు కనిపించదు. "పొడవెక్కువ" అనే ఆరోపణ దగ్గరే ఆగిపోయేవాళ్లం.

మైకు కింద ఒక మాట, మైకుల మధ్య ఇంకో మాట

స్టేషను అనౌన్స్‌మెంటు అర్థం కాదని అందరూ అంటారు. ఎందుకు అర్థం కాదో చెప్పేవాళ్లు తక్కువ.

పొడవైన ప్లాట్‌ఫాం మీద ఒక్క పెద్ద స్పీకరు సరిపోదు. వరసగా చాలా పెట్టాలి. అన్నీ ఒకేసారి ఒకే మాట పలుకుతాయి. కానీ ధ్వని మనల్ని చేరడానికి సమయం పడుతుంది. 30 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు. స్పీకర్లు 40 మీటర్లకొకటి ఉన్నాయనుకుందాం. మీరు సరిగ్గా రెండిటి మధ్య నిలబడితే రెండూ 20 మీటర్ల దూరంలో ఉంటాయి, వాటి మాట కలిసే వస్తుంది. వాటి అవతలి రెండు స్పీకర్లు మీకు 60 మీటర్ల దూరం. అంటే 40 మీటర్లు అదనం. వాటి మాట సెకనులో దాదాపు తొమ్మిదో వంతు ఆలస్యంగా వస్తుంది.

మన చెవి చిన్న ఆలస్యాలను పట్టించుకోదు. మాట విషయంలో సుమారు సెకనులో ఇరవయ్యో వంతు లోపు వచ్చిన ప్రతిధ్వనిని అసలు మాటతో కలిపేసుకుంటుంది. దూరంలో చెప్పాలంటే 17 మీటర్ల తేడా. అంతకు మించితే రెండో మాట వేరుగా వినిపించి మొదటిదాని మీద పడుతుంది. పైన చెప్పిన 40 మీటర్ల తేడా దీనికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇప్పుడు బలం సంగతి. దూరం మూడు రెట్లయితే ధ్వని శక్తి తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి మధ్యలో నిలబడ్డ మనిషికి ఆలస్యంగా వచ్చే మాట అసలు మాటలో తొమ్మిదో వంతు శక్తితో వస్తుంది. చెవి దాన్ని స్పష్టంగానే వింటుంది. అదే మనిషి నేరుగా ఒక స్పీకరు కిందికి వెళితే ఆ స్పీకరు చెవికి రెండున్నర మీటర్ల దూరంలో ఉంటుందనుకుందాం. పక్క స్పీకర్లు రెండూ 40 మీటర్ల దూరంలో ఉంటాయి. అప్పుడు ఆలస్యపు మాట శక్తి అసలు దానిలో 120వ వంతు కన్నా తక్కువ. అంటే 20 మీటర్లు పక్కకు జరిగితే చాలు, అదే అనౌన్స్‌మెంటు గందరగోళం నుంచి మాటగా మారుతుంది. స్పీకరు ఏ దిక్కుకు తిరిగి ఉంది, పైకప్పు నుంచి ఎంత ధ్వని తిరిగి వస్తోంది అన్నవి నేను లెక్కలోకి తీసుకోలేదు. పైకప్పు పరిస్థితిని సాధారణంగా ఇంకా కష్టం చేస్తుంది.

ఇది వీడియోకి బంగారం లాంటి సన్నివేశం. ఒకరు ఫోను పట్టుకుని స్పీకరు కింది నుంచి మధ్యకు 20 మీటర్లు నడిస్తే తేడా తెలియాలి కదా? ఇక్కడే మొదటి అబద్ధం ఉంది. ఫోను మైకు వెనక ఒక స్వయంచాలక ఏర్పాటు ఉంటుంది. ధ్వని తగ్గగానే అది పెంచుతుంది, పెరగగానే తగ్గిస్తుంది. కబుర్లకు అది వరం. మన ప్రయోగానికి శాపం. స్పీకరు కింద ధ్వనిని అణిచి, మధ్యలో జనం గోలను పెంచి, లేని తేడాను పుట్టించవచ్చు, ఉన్న తేడాను చెరిపేయవచ్చు. రికార్డింగ్ స్థాయిని చేత్తో ఒకచోట నిలిపే యాప్ వాడాలి. లేదా రికార్డింగ్‌ను రుజువుగా చూపడం మానేసి మనుషుల్ని అడగాలి.

నాకైతే రెండో దారే నచ్చుతుంది. ఒక్కో చోట కొంతమందిని నిలబెట్టి, విన్న రైలు నంబరు, ప్లాట్‌ఫాం నంబరు కాగితం మీద రాయమనాలి. ఎంతమంది సరిగా రాశారో లెక్కపెట్టాలి. ఇందులో ఖరగ్‌పూర్‌కి పనికొచ్చే చిన్న మెలిక కూడా ఉంది. హిందీలో ఏడు, ఎనిమిది అంకెలు 'సాత్', 'ఆఠ్'. బెంగాలీలోనూ దాదాపు అంతే. రెండిటినీ విడదీసేది ముఖ్యంగా మొదట్లో ఉండే 'స'. ఆ హల్లు శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్‌జ్‌ల పైన ఉంటుంది. హారన్ స్పీకర్లలో, ప్రతిధ్వనిలో, ఇంజను చప్పుడులో ముందు పోయేది ఆ భాగమే. తెలుగులో 'ఏడు', 'ఎనిమిది' పొడవులోనే వేరు, పొరపాటు పడటం కష్టం. ఏ భాష అనౌన్స్‌మెంటులో ఏ అంకెలు తారుమారవుతున్నాయో ఈ కాగితాలు చెబుతాయి. ఆ ఫలితం తెర మీద ఒక్క పట్టికగా వచ్చినా, పది నిమిషాల గోల రికార్డింగ్ కన్నా బలంగా ఉంటుంది.

బోర్డు చదవలేకపోతున్నది కన్నా, కెమెరానా?

పెట్టెల స్థానం చూపే ఎల్‌ఈడీ బోర్డుల దగ్గర ఇంకో అబద్ధం కాచుకుని ఉంటుంది. ఈ బోర్డుల్లో దీపాలన్నీ ఒకేసారి వెలగవు. ఒక్కో వరస చొప్పున చాలా వేగంగా వెలిగి ఆరుతూ ఉంటాయి. కన్ను వాటిని కలిపేసి పూర్తి అక్షరాలుగా చూస్తుంది. కెమెరా పట్టపగలు ఒక్కో ఫ్రేముకి సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకోవచ్చు. ఆ క్షణంలో వెలిగిన వరసలే బొమ్మలో పడతాయి. సగం అక్షరాలు కనిపించవు, లేదా నల్లటి చారలు పైకి కిందికి పాకుతాయి. "చూడండి, బోర్డు పాడైపోయింది" అని వీడియోలో చెప్పేవాళ్లు చాలామంది నిజంగానే నమ్మి చెబుతారు. పక్కనే నిలబడ్డ మనిషి ఆ బోర్డును హాయిగా చదువుకుంటూ ఉంటాడు. షటర్ వేగాన్ని సెకనులో యాభయ్యో వంతుకు తగ్గించి, వెలుతురు ఎక్కువైతే లెన్సు ముందు మసక ఫిల్టరు పెట్టి తీస్తే ఈ దోషం చాలావరకు పోతుంది.

అక్షరం సైజును మాత్రం లెక్కతోనే పట్టుకోవచ్చు. కంటి డాక్టరు 6/6 అని రాసే చూపు ఉన్నవాళ్లు అయిదు ఆర్క్‌నిమిషాల కోణం చేసే అక్షరాన్ని గుర్తుపట్టగలరు. 10 సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరం ఆ కోణం చేసేది సుమారు 69 మీటర్ల దూరంలో. అదే 6/18 చూపున్న మనిషి దానిలో మూడో వంతుకి, అంటే 23 మీటర్లకి రావాలి. దాదాపు ఒక పెట్టె పొడవు. ఇది గుర్తుపట్టడానికి చివరి హద్దు మాత్రమే, తేలిగ్గా చదవడానికి ఇంకా దగ్గరికి రావాలి. పైగా ఈ కొలత సాదా గీతలున్న అక్షరాలకు చేసింది. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగు, బెంగాలీ అక్షరాలకు అదే ఎత్తులో ఇంకా సన్నని తేడాలు పట్టుకోవాలి. స్టేషను బోర్డుల మీద, ఖరిదా బజారులో దుకాణాల బోర్డుల మీద ఏయే లిపులు ఏయే సైజుల్లో ఉన్నాయో టేపుతో కొలిచి రాసుకుంటే అది ఒక అధ్యాయమే అవుతుంది.

మూడో అబద్ధం గుంపుల విషయంలో. రద్దీ చూపించాలంటే దూరం నుంచి జూమ్ చేసి తీయడం అందరికీ అలవాటు. అయిదు మీటర్ల ఎడంతో ఇద్దరు నిలబడ్డారనుకోండి. దగ్గరి మనిషికి అయిదు మీటర్ల దూరం నుంచి తీస్తే వెనక మనిషి సగం ఎత్తులో కనిపిస్తాడు, మధ్యలో ఖాళీ తెలుస్తుంది. యాభై మీటర్ల నుంచి జూమ్ చేసి తీస్తే వెనక మనిషి ముందు మనిషి ఎత్తులో 91 శాతం ఉంటాడు. ఇద్దరూ భుజాలు రాసుకుంటున్నట్టే ఉంటుంది. కోవిడ్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, డెన్మార్క్‌లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే వరసను రెండు రకాల లెన్సులతో తీసి ఈ తేడా చూపించారు. ఒక ఫొటోలో జనం కిక్కిరిసి ఉన్నారు, ఇంకోదానిలో తగినంత దూరం పాటిస్తున్నారు. కాబట్టి రద్దీ చూపాలంటే వంతెన పైనుంచి కిందికి తీయాలి, లేదా నేల మీద కొలిచిన గడిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. పూజ సెలవుల రోజు తీసిన దృశ్యాన్ని మామూలు రోజుగా చూపితే ఇక లెన్సు గురించి మాట్లాడటం అనవసరం.

నలుగురు ఎందుకు?

ఇంత పని ఒక్కరే చేయలేరు, అందుకే బృందం కావాలి అనుకుంటాం. నిజమే గానీ అసలు కారణం పని పంచుకోవడం కాదు. ఒకరి చూపును ఇంకొకరు సరిచేయాలి.

జాన్ బెర్జర్ 1972లో బీబీసీలో నాలుగు భాగాల 'వేస్ ఆఫ్ సీయింగ్' చేశాడు. చిత్రాల్ని, ప్రకటనల్ని ఎలా చూడాలో ప్రశ్నించిన ఆ కార్యక్రమం ఇవాళ్టి వీడియో వ్యాసాలకు తాత లాంటిది. తెర మీద ప్రధానంగా కనిపించేది బెర్జరే. అదే పేరుతో వచ్చిన పుస్తకాన్ని మాత్రం అయిదుగురు కలిసి తయారుచేశారు, ఆ సంగతి అందులోనే చెప్పారు. న్యూయార్క్‌లో విలియం వైట్ 1970లలో చేసిన పని దీనికన్నా మనకు దగ్గర. పెద్ద భవనాల ముందున్న ఖాళీ స్థలాలు కొన్ని జనంతో కళకళలాడుతూ, కొన్ని బోసిగా ఎందుకు ఉంటాయన్నది ఆయన ప్రశ్న. యువ సహాయకుల్ని వెంటబెట్టుకుని, కెమెరాలు పెట్టి, గంటల తరబడి మనుషుల్ని లెక్కపెట్టాడు. తేలిన ముఖ్య విషయం వింటే నవ్వొస్తుంది. కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు. అయితే ఆ మాట చెప్పడానికి ఆయన దగ్గర లెక్కలున్నాయి. అందువల్లనే 1975లో న్యూయార్క్ నగరం ఇలాంటి స్థలాల నిర్మాణ నిబంధనల్ని మార్చింది.

మన దగ్గరా ఇలాంటి చూపుకి ఒక మూలం ఉంది. 1958లో భారత ప్రభుత్వం కోరగా చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు ఇచ్చిన నివేదికలో చెంబు గురించి ఒక ప్రసిద్ధ భాగం ఉంది. నిండా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు దాని తూకం ఎలా నిలుస్తుంది, నీళ్లు ఎలా పోస్తుంది, చేతికి ఎలా అమరుతుంది అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోతారు. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. చెంబుని అడిగినన్ని ప్రశ్నలు ప్లాట్‌ఫాంని కూడా అడగవచ్చు.

బృందం ఒప్పుకుంది కాబట్టి నిజమే అనుకోవడానికి మాత్రం వీల్లేదు. ఒకే వాడకట్టు పిల్లలు ఒకేలా పొరబడవచ్చు. దానికో చిన్న పరీక్ష ఉంది. ఇద్దరు వేరువేరుగా నిలబడి, బోర్డు చూసిన 50 మందిలో ఎవరు అయోమయంగా వెనక్కి తిరిగారో రాసుకోవాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. 40 మంది విషయంలో ఇద్దరి మాటా కలిసిందనుకుందాం. 80 శాతం, బాగానే ఉంది. కానీ ఇద్దరూ పదిమందిలో ఏడుగురిని అయోమయం ఖాతాలో వేసే అలవాటున్నవాళ్లైతే, కళ్లు మూసుకుని రాసినా 58 శాతం కలుస్తుంది. యాదృచ్ఛికాన్ని తీసేస్తే మిగిలిన 42 శాతంలో వాళ్లు నిజంగా సాధించింది 22 శాతం, అంటే సగం కన్నా కొంచెం ఎక్కువ. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన ఈ కొలతను పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. ఫలితం ఇలా తక్కువగా వస్తే 'అయోమయం' అంటే ఏమిటో బృందం కూర్చుని తేల్చుకోవాలి. వెనక్కి నాలుగడుగులు వేయడమా? పక్కవాళ్లను అడగడమా? ఆ వాదన గంటసేపు సాగినా సాగనివ్వాలి. స్క్రిప్టు సగం అక్కడే పుడుతుంది.

అనుమతుల గురించి రెండు మాటలు. స్టేషనులో చిత్రీకరణకు రైల్వే అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలో డివిజన్ కేంద్రం కాబట్టి అధికారులు ఊళ్లోనే దొరుకుతారు. ఇబ్బంది పడుతున్న మనిషి ముఖం ఆ మనిషి ఒప్పుకోకుండా చూపకూడదు. కాళ్లు, సంచీ, గడియారం చూపినా విషయం తెలుస్తుంది. ఇతరుల చిత్రాల్లోంచి ముక్కలు వాడుకోవాలంటే 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను విమర్శ, సమీక్షల కోసం సముచితమైన వాడకాన్ని ఉల్లంఘనగా చూడదు. పాట మొత్తం నేపథ్యంలో పెట్టుకోవడం మాత్రం విమర్శ కిందికి రాదు.

వ్యాఖ్యానం ఏ భాషలో? ఇది ఖరిదాలో చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చదువుకున్న పిల్లలకు తెలుగు వినడం సులువు, చదవడం కష్టం. కాబట్టి గొంతు తెలుగులో, కింద అక్షరాలు బెంగాలీలో పెడితే వాళ్లకీ, ఊరికీ అందుతుంది. ఆ తెలుగు కూడా టీవీ వార్తల తెలుగు కానక్కర్లేదు. రైలుపెట్టెని వాళ్లు ఇంట్లో ఏమంటారో అదే మాట వాడాలి. స్క్రిప్టు రాసిన వారు కాకుండా బృందంలో ఇంకొకరు గట్టిగా చదివి చూస్తే ఎక్కడ నాలుక తడబడుతుందో తెలిసిపోతుంది.

కూర్పు పూర్తయ్యాక మొదటి ప్రదర్శన ఎవరికి వేయాలన్నది మిగిలింది. స్నేహితులకి వేస్తే చప్పట్లు వస్తాయి. ఇద్దరు మనుషుల్ని వెతికి పట్టుకోవాలి. ఒకరు, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఖరిదాలో అలాంటివాళ్లు తేలిగ్గానే దొరుకుతారు. రెండోవారు, సంచీలతో ఆ ప్లాట్‌ఫాం మీద తరచూ నడిచే మామ్మ. పెద్దాయన మధ్యలో ఆపి, "బాబూ, మీరు కొలిచింది పెట్టెల బోర్డు మారకముందా, మారాకనా?" అని అడగవచ్చు. మామ్మ, "నేను బోర్డు ఎప్పుడు చూశాను నాయనా, కూలీ అబ్బాయిని అడుగుతాను" అనవచ్చు. రెండో మాట వినబడితే ఇంతవరకు తీసినదానిలో సగం పక్కన పెట్టి, మళ్లీ టేపు, కాగితాలు పట్టుకుని స్టేషనుకు వెళ్లాలి. ఈసారి పగలు కాదు, మెయిళ్లు వచ్చే రాత్రి వేళ. బోర్డుల్ని కాక, ఎవరు ఎవర్ని దారి అడుగుతున్నారో లెక్కపెట్టడానికి.